గుడ్లు లేవన్నారు, దూడలు మాత్రం పారుతూనే ఉన్నాయి

ప్రశ్న: మాకు ఆరు గేదెలున్నాయి. ఈమధ్య ఈనిన మూడింటి దూడలకూ వారం పది రోజుల వయసులోనే పారుడు పట్టుకుంది. పేడ పల్చగా, పసుపుపచ్చగా, జిగురుగా పడుతోంది. ఒక దూడ పోయింది. నట్టల మందు పోశాం, ఇంజెక్షన్లు వేయించాం, గుణం కనిపించలేదు. పేడ పరీక్ష చేయిస్తే పురుగుల గుడ్లు లేవన్నారు. ఇప్పుడు మా నాలుగేళ్ల మనవడికి ఐదు రోజులుగా నీళ్ల విరేచనాలు. వాడి రిపోర్టు కూడా నార్మల్ అనే వచ్చింది. కాలువ నీళ్లే ట్యాంకుకు ఎక్కించి వాడుతున్నాం, అందులో బ్లీచింగ్ కూడా కలిపాం. నీళ్లు సీసాలో పట్టి విజయవాడలో పరీక్ష చేయించమంటారా?
– ఒక మహిళా రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ముందు మనవడి సంగతి చూడండమ్మా. కళ్లు లోపలికి పోయినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మగతగా పడుకుంటున్నా ఇక ఇంట్లో ఉంచొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటివేమీ లేకపోతే ఓఆర్‌ఎస్ తాగిస్తూ, డాక్టరుకు చూపించి జింకు మాత్రలు రాయించుకోండి. తిండి మాన్పించొద్దు.

ఇక మీ రిపోర్టులు. రెండూ తప్పు కాకపోవచ్చు. ల్యాబువాళ్లు దేనికోసం వెతికారన్నదే అసలు సంగతి. మామూలు పేడ పరీక్షలో వెతికేది పురుగుల గుడ్లను. గేదె దూడల్లో ఏలికపాము గుడ్డు సుమారు 70 మైక్రాన్లుంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తక్కువ పవర్‌లోనే కనిపిస్తుంది. పైగా దూడకు మూడు వారాలు నిండేదాకా ఆ గుడ్లు పేడలోకి రావు. పది రోజుల దూడ పేడలో గుడ్లు లేవంటే దాన్నిబట్టి తేలేదేమీ లేదు. నట్టల మందు పోసినందుకు మిమ్మల్ని తప్పు పట్టను, మన దగ్గర పారుడు అనగానే అందరూ చేసే పని అదే.

మీరు చెప్పిన వయసు చూస్తే నాకు మొదట క్రిప్టోస్పోరిడియం మీద అనుమానం వస్తోంది. ఇది పేగు గోడను పట్టుకుని బతికే ఏకకణ పరాన్నజీవి. పుట్టిన మూడు నాలుగు రోజుల్లోనే వచ్చే పారుడుకు ఎక్కువగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా కారణం. మూడు వారాలు దాటాక నెత్తురు జీరతో వచ్చేదానికి కాక్సీడియా అనే మరో పరాన్నజీవి. మధ్యలో, వారం నుంచి మూడు వారాల వరకు, క్రిప్టోస్పోరిడియం కాలం. రోటావైరస్ కూడా ఇదే వయసులో వస్తుంది. కాబట్టి పరీక్ష చేయకుండా ఇదేనని నేను తేల్చి చెప్పను.

క్రిప్టోస్పోరిడియం పేడలో గుడ్డులాంటి తిత్తి రూపంలో బయటపడుతుంది. ఆ తిత్తి ఐదు మైక్రాన్లే, మన ఎర్ర రక్తకణం కన్నా చిన్నది. రంగు వేయకుండా స్లైడు చూస్తే ఈస్టు అనుకుని వదిలేస్తారు. క్షయ రోగుల తెమడకు వాడే జీల్–నీల్సన్ రంగునే కొద్దిగా మార్చి వేస్తే, ఆకుపచ్చ లేదా నీలం నేల మీద ఈ తిత్తులు గులాబీ ఎరుపులో గుండ్రంగా తేలతాయి. ఈస్టుకు ఆ ఎరుపు పట్టదు. ఇదేమీ ఖరీదైన పరీక్ష కాదు, ఈ రంగులు చాలా ల్యాబుల్లో ఉంటాయి. అడిగేవాళ్లే తక్కువ. అందుకే చీటీ మీద ‘పేడ పరీక్ష’ అని ఊరుకోకుండా, ‘క్రిప్టోస్పోరిడియం కోసం మాడిఫైడ్ జీల్–నీల్సన్ స్టెయిన్’ అని మీ పశువైద్యుడి చేత రాయించండి. మనవడి విషయంలోనూ అంతే. ‘మోషన్ టెస్ట్’ అని మాత్రమే రాస్తే దీనికోసం చూడరు. ఇంట్లో దూడలకు పారుడు ఉందని పిల్లల డాక్టరుకు మీరే చెప్పండి, ఆయనకు ఆ సంగతి తెలిసే దారి వేరే లేదు.

పేడను నేల మీద నుంచి ఎత్తొద్దు. చేతికి తొడుగు వేసుకుని దూడ ఆసనం నుంచే రెండు చెంచాలంత తీసి, మూత బిగించే శుభ్రమైన డబ్బాలో వేసి, ఐసు పెట్టి అదే రోజు పంపండి. పారుడు మొదలైన తొలి రోజుల్లో తిత్తులు కుప్పలుగా పడతాయి, ఆలస్యమైతే తగ్గిపోతాయి. ఒకసారి దొరక్కపోతే రోజు విడిచి రోజు మరో రెండుసార్లు పంపాలి. పీసీఆర్ (జన్యుపదార్థాన్ని బట్టి గుర్తించే పరీక్ష) చేయించే ఆలోచన ఉంటే, పేడ పాడవకుండా కలిపే ఫార్మలిన్ పోయొద్దు. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల విభాగం ఉంది, మీ డాక్టరు ద్వారా అక్కడ సంప్రదించవచ్చు.

దూడకూ మనవడికీ రెండింటికీ పాజిటివ్ వచ్చినా దూడ నుంచే వాడికి అంటుకుందని చెప్పలేం. క్రిప్టోస్పోరిడియంలో పార్వమ్ అనే రకం దూడల నుంచి మనుషులకు వస్తుంది. హోమినిస్ అనేది ప్రధానంగా మనుషుల మధ్యే తిరుగుతుంది. మైక్రోస్కోపులో రెండూ ఒకేలా ఉంటాయి, పీసీఆర్‌తోనే విడదీయగలం. చికిత్సకు మాత్రం ఆ తేడా అక్కర్లేదు.

నీళ్ల పరీక్షకు ఇప్పుడు డబ్బు పెట్టొద్దు. నీళ్లలో ఈ తిత్తులు చాలా పలుచగా ఉంటాయి. కనీసం పది లీటర్లు ప్రత్యేకమైన ఫిల్టరు గుండా పంపి, యాంటీబాడీ పూసిన అయస్కాంత పూసలతో వాటిని పట్టి, మెరిసే రంగు వేసి చూడాలి. ఒక సీసా నీళ్లలో దొరక్కపోతే నీళ్లు మంచివని ధైర్యం తెచ్చుకోవడమే ప్రమాదం. మామూలు ల్యాబులో చూసే కోలిఫామ్ (మలం కలిసిందేమో తెలిపే బ్యాక్టీరియా) పరీక్ష కూడా దీనికి పనికిరాదు. బ్లీచింగ్‌కు కోలిఫామ్‌లు చస్తాయి, ఇది చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్లోరిన్ కలిపి సరఫరా చేసిన కుళాయి నీళ్ల ద్వారానే సుమారు నాలుగు లక్షల మందికి ఇది సోకింది. కాబట్టి తాగే నీళ్లను తెర్లించి, నిమిషం పాటు మరగనిచ్చి చల్లార్చండి. ఇంట్లో బాగా పనిచేసే ఆర్వో ఉంటే అదీ సరే.

అయినా కాలువను అనుమానించే ముందు చావిడి చూడండి. జబ్బు దూడ రోజుకు కోట్లకొద్దీ తిత్తులు వదులుతుంది. కాక్సీడియా తిత్తి బయటపడ్డాక పక్వం కావడానికి రెండు రోజులైనా పడుతుంది. ఇది మాత్రం పడీపడగానే అంటుకుంటుంది, మనిషికైతే పదుల సంఖ్యలో లోపలికి పోయినా చాలు. మీ మనవడు దూడలతో ఆడుకుంటూ ఉంటే అంతకన్నా దగ్గరి దారి లేదు.

దూడలకు యాంటీబయాటిక్ దీనిమీద పనిచేయదు, సల్ఫా బిళ్లలూ అంతే. దూడను బతికించేది ద్రవాలే. రిపోర్టు కోసం ఆగకుండా ఈరోజే మొదలుపెట్టండి. లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్‌ను గోరువెచ్చగా, పాలు తాపే వేళలకు మధ్యలో, రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్ల వరకు తాగించండి. పాలు ఆపొద్దు. పారుడని పాలు మాన్పిస్తే దూడ నీరసంతోనే పోతుంది. లేవలేకపోతే సెలైన్ ఎక్కించాల్సిందే. మంచి దూడలకు ముందు మేత, పాలు చూసి, జబ్బువాటి దగ్గరకు ఆఖరున వెళ్లండి. ఈనబోయే మూడు గేదెలనూ వేరే పొడి చోటుకు మార్చి, దూడ పుట్టిన గంట రెండు గంటల్లోనే ముర్రుపాలు కడుపునిండా తాగించండి.

చావిడి కడగడానికి ఫినాయిల్, బ్లీచింగ్ నమ్ముకోవద్దు. పేడంతా ఎత్తేసి, సలసల కాగే నీళ్లు పోసి, పూర్తిగా ఆరనివ్వాలి. దీన్ని చంపేది వేడి, ఆరుదల. ముసురు రోజుల్లో అది కష్టమే, అందుకే దూడలను కట్టే చోటే మార్చమంటున్నాను. పెంటపోగు కాలువ గట్టుకు దూరంగా వేయండి. పాలు పితికే ముందు, అన్నం పెట్టే ముందు సబ్బుతో చేతులు రుద్ది కడగాలి, శానిటైజరు దీనికి సరిపోదు. పచ్చిపాలు ఎవరికీ ఇవ్వొద్దు. మనవడికి విరేచనాలు కట్టాక కూడా కొన్నాళ్లు తిత్తులు పడుతుంటాయి కాబట్టి మరో రెండు వారాలు వాణ్ని కాలువలో స్నానానికి దింపకండి.