కొత్త స్పోర్ట్స్ కారా, మూడేళ్లు తిరిగినదా?

ప్రశ్న: నా వయసు 38. స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలని పదేళ్లుగా కోరిక. ఇంటి లోన్ తప్ప వేరే అప్పు లేదు. కొత్త కారు ధరలో సగం డబ్బు దాచాను, మిగతా సగానికి ఏడేళ్ల లోన్ ఇస్తామంటున్నారు. అదే మోడల్, మూడేళ్లు తిరిగిన కారు, కొత్తదాని ధరలో 60 శాతానికి దొరుకుతోంది. కానీ సెకండ్ హ్యాండ్ అంటే లోపల ఏముందోనని టెన్షన్. మా ఆవిడ రెండూ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: పదేళ్లు ఆగి, సగం డబ్బు కూడబెట్టుకున్నాకే అడుగుతున్నారు. అందుకే ఈ కోరిక వదులుకోమని నేను చెప్పను. మీ లెక్కకు మూడేళ్ల కారే సరిపోతుంది. అయితే దాచిన డబ్బంతా దాని మీద పెట్టకూడదు.

కొత్త కారు ధరను 100 అనుకుందాం. మీరు 50 కట్టి, 50 లోన్ తీసుకుంటారు. పది శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే నెలకు 0.83 చొప్పున మొత్తం దాదాపు 70 కడతారు. అంటే 50 అప్పుకు 20 వడ్డీ. మూడేళ్ల తర్వాత కారు అమ్మారనుకోండి. ఇప్పుడు మీకు దొరుకుతున్న ధరే అప్పుడు మీకూ వస్తే చేతికి 60 వస్తుంది, అందులో దాదాపు 33 లోన్ బాకీకి పోతుంది. అప్పటిదాకా మీరు కట్టింది 80, మిగిలింది 27. మూడేళ్ల సరదాకు 53 ఖర్చయింది, పెట్రోలు, ఇన్సూరెన్సు కాకుండానే.

ఇప్పుడు రెండో కారు. ధర 60. మీ 50లో 40 కట్టి, మిగతా 20కి మూడేళ్ల లోన్ తీసుకోండి. పాత కార్ల లోన్‌కు వడ్డీ కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి 12 శాతం వేద్దాం. అయినా మూడేళ్లలో వడ్డీ 4 దాటదు. ఆ తర్వాత కారు 42కి అమ్ముడైతే తరుగుదల 18, వడ్డీతో కలిపి 22. పక్కన ఉంచిన 10 మొత్తం రిపేర్లకే పోయినా 32. రేట్లు, రీసేల్ విలువ నేను అనుకున్నవి, మీ అంకెలు వేసి చూసుకోండి. అంకెలు అటూ ఇటూ అయినా అంత తేడా మాయమైపోదు. ఎందుకంటే కారు విలువ ఎక్కువగా పడిపోయేది మొదటి రెండు మూడేళ్లలోనే, ఆ నష్టాన్ని మొదటి యజమాని భరించేశాడు.

ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని మోడళ్లు, ముఖ్యంగా తక్కువ సంఖ్యలో తయారయ్యేవి, విలువ అంత త్వరగా కోల్పోవు. పోర్షా 911 జీటీ3 లాంటివాటికి పాత కార్ల మార్కెట్లోనూ గిరాకీ తగ్గదు. మీరు చూస్తున్న మోడల్ పాతదానికి, కొత్తదానికి తేడా 10, 15 శాతమే అయితే నేనూ కొత్తదే కొనమనేవాణ్ణి. వారంటీ మొదటి రోజు నుంచీ ఉంటుంది, మీకా టెన్షనూ ఉండదు. మీకు తేడా 40 శాతం కనిపిస్తోంది కాబట్టి ఆ మాట ఇక్కడ వర్తించదు.

సెకండ్ హ్యాండ్ గురించి మీ భయం మాత్రం నిజమైనదే. కారు ధర తగ్గినంత మాత్రాన దాని విడిభాగాల ధర తగ్గదు. 60కి కొన్న కారుకైనా బ్రేకులు, క్లచ్, టైర్లు 100 ధర ఉన్న కారుకు వేసేవే వేయాలి. కార్బన్ సెరామిక్ బ్రేకులు ఉన్న కారైతే డిస్కులు మార్చే రోజున గుండె గుభేలుమంటుంది. చాలా స్పోర్ట్స్ కార్లకు ముందు టైర్లు ఒక సైజు, వెనక టైర్లు ఇంకో సైజు. ముందువి వెనక్కి మార్చి వాడుకోవడం కుదరదు, వెనకవి త్వరగా అరుగుతాయి. ఆ 10 పక్కన ఉంచమన్నది అందుకే. ఆ డబ్బు మిగలదనుకుంటే కారు కొనకుండా ఇంకో ఏడాది ఆగండి.

తక్కువ కిలోమీటర్లు తిరిగిందని చెబితే వెంటనే సంతోషపడకండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. నేను కొన్న ఒక పాత కారు మీటరు చూసి మురిసిపోయాను, టైర్ల మీద తేదీ చూడలేదు. గాడి బాగానే ఉంది, రబ్బరు మాత్రం ఎండి పగిలింది. నాలుగూ మార్చాల్సి వచ్చింది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కదలకుండా నిలబడిన కారులో బ్యాటరీ, రబ్బరు సీళ్లు, బ్రేక్ ఆయిల్ కూడా పాడవుతాయి. ఏటా సర్వీసు జరిగి కాస్త ఎక్కువ తిరిగిన కారు, మూలన పడున్న కారు కంటే నయం.

అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ మోడల్ తెలిసిన, అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్ చేత తనిఖీ చేయించండి. దానికయ్యే ఖర్చు చూసి వెనకాడొద్దు. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయమనండి. రంగు మందం కొలిచే పరికరంతో చూస్తే డెంటింగ్, పెయింటింగ్ ఎక్కడ జరిగాయో తెలుస్తుంది. కొన్ని కార్లలో ఇంజిన్‌ను పరిమితికి మించి తిప్పిన సందర్భాలు కంప్యూటర్‌లో నమోదై ఉంటాయి, ఆ రిపోర్టు అడగండి. ప్రతి కారుకూ విడిగా ఉండే 17 అక్షరాల గుర్తింపు నంబరు (విన్) కారు మీద, కాగితాల మీద ఒకటేనా అన్నది మీరే సరిచూసుకోండి.

బేరం బాగుందని మరీ పాత మోడల్ వైపు వెళ్లాలనిపిస్తే, దాని జబ్బులేమిటో ముందు తెలుసుకోండి. 1997 నుంచి 2008 మధ్య వచ్చిన పోర్షా బాక్‌స్టర్, 911 మోడళ్లు చాలావాటిలో ఐఎంఎస్ బేరింగ్ అనే చిన్న భాగం విఫలమైతే ఇంజినే పోయే ప్రమాదం ఉంది. అన్ని కార్లలో అలా జరగదు. కానీ జరిగితే మీరు పక్కన ఉంచిన డబ్బు సరిపోకపోవచ్చు.

ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా ముందే తీసుకోండి. మీరు లోన్ సంగతి రాశారు, ప్రీమియం మాట మీ ఉత్తరంలో లేదు. ట్రాక్ మీద నడపాలన్న ఆలోచన ఉంటే పాలసీ చదవండి, మామూలు పాలసీలు సాధారణంగా ఆ నష్టానికి డబ్బివ్వవు.

ఇక మీ ఆవిడ మాట. ఆమె ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. అత్యవసర నిధి తగ్గిపోతుందనా, ఇంటి లోన్ ఉండగా ఇంకో అప్పు ఎందుకనా, లేక మీరు వేగంగా నడుపుతారనా? మొదటిదైతే ఆమె మాటే నిజం కావచ్చు. మీరు దాచిన 50లో ఆరు నెలల ఇంటి ఖర్చుల డబ్బు కూడా కలిసే ఉందా? ఉంటే దాన్ని ముందు తీసి వేరే ఖాతాలో వేయండి. మిగిలిన దానితో నేను చెప్పిన లెక్క మళ్లీ వేయండి, 40 కట్టి 10 పక్కన ఉంచగలరేమో చూడండి. కుదిరితే ఆ కాగితం, తనిఖీ రిపోర్టు, ఇన్సూరెన్స్ కొటేషన్ మూడూ తీసుకుని ఆమెతో కూర్చోండి. ఆమె సరేనన్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.