పందెం చోటికి సైకిల్‌పై ఏ దారిన వెళ్ళాలి?

ప్రశ్న: వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం 7 గంటలకు జరిగే 10 కిలోమీటర్ల పరుగు పందెంలో పాల్గొంటున్నాను. పందెం మొదలయ్యే మైదానానికి ఇంటి నుంచి సైకిల్‌పైనే వెళ్ళాలని ఉంది. రోడ్డు మీదుగా అయితే 17 కిలోమీటర్లు. అందులో మొదటి 10 కిలోమీటర్లు లారీలు తిరిగే పెద్ద రోడ్డు, మిగిలిన 7 కిలోమీటర్లు రద్దీ లేని రోడ్డు. వాగు గట్టు వెంబడి వెళ్ళి, 80 మీటర్ల ఎత్తున్న గుట్ట దాటి, పొలాల మధ్యగా దిగే బాట పన్నెండున్నర కిలోమీటర్లే. గట్టు బాట 6 కిలోమీటర్లు గట్టి మట్టి, గుట్ట మీది 3 కిలోమీటర్లు రాళ్ళు. గట్టు బాట ముగిసేచోట ఒక చిన్న తారురోడ్డు ఉంది. దాని వెంట కిలోమీటరున్నర వెళితే రద్దీ లేని రోడ్డులో కలవవచ్చు. ఫోనులోని యాప్ రోడ్డుకు 57 నిమిషాలు, బాటకు 45 నిమిషాలు చూపిస్తోంది. నా టైర్ల వెడల్పు 35 మిల్లీమీటర్లు. ఏ దారి మంచిది? – ఒక పాఠకుడు

జవాబు: యాప్ చూపిన 45 నిమిషాలను ముందుగా పక్కన పెట్టండి. పన్నెండున్నర కిలోమీటర్లూ గంటకు సుమారు 17 కిలోమీటర్ల చొప్పున తొక్కుతారనుకుని వేసిన లెక్క అది. రాళ్ళబాటలో ఎక్కుతూ దిగుతూ పోయే 3 కిలోమీటర్లను గంటకు 8 కిలోమీటర్ల వేగంతో దాటినా మంచి సవారీ అనే అనుకోవాలి. అక్కడే 22 నిమిషాల 30 సెకన్లు పడుతుంది. మిగిలిన తొమ్మిదిన్నర కిలోమీటర్లను 16 కిలోమీటర్ల వేగంతో లాగించినా మరో 35 నిమిషాలు దాటుతుంది. అంటే మొత్తం 58 నిమిషాలు. నాలుగున్నర కిలోమీటర్లు తక్కువైన బాట, సమయంలో రోడ్డుతో సమానమైపోయింది. ఎక్కడైనా అర కిలోమీటరు దిగి నడిపించవలసి వస్తే మరో 6 నిమిషాలు కలపండి. ఇందువల్లనే పందెం రోజున దారిని సగటు వేగాన్ని బట్టి కాక, అందులోని అతి చెడ్డ కిలోమీటరును బట్టి ఎంచాలంటాను.

గుట్ట విషయంలో ఇంకొక చిక్కు ఉంది. మీరు, సైకిల్, సంచీ కలిపి 85 కిలోలు అనుకుందాం. ఆ బరువును 80 మీటర్లు పైకి చేర్చడానికి సుమారు 67 కిలోజౌళ్ళ పని చేయాలి. పరుగుకు ముందు కాళ్ళను అలసిపోనివ్వకుండా 120 వాట్ల నిదానపు శక్తితో తొక్కితే, ఎత్తు ఎక్కడానికే తొమ్మిది నిమిషాలకు పైగా ఖర్చవుతుంది. టైర్లకు నేల ఇచ్చే నిరోధం దీనికి అదనం. తారురోడ్డు మీద అయితే ఈ శ్రమలో చాలా భాగం దిగేటప్పుడు వేగంగా తిరిగి వస్తుంది. రాళ్ళబాటలో ఆ వేగాన్ని వాడుకునే ధైర్యం ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. ఎక్కి సంపాదించినదంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. కాబట్టి అదే ఎత్తు రోడ్డు మీదికన్నా బాట మీద ఎక్కువ ఖరీదైనది.

అలాగని పూర్తిగా రోడ్డు వెంట వెళ్ళమని కూడా చెప్పలేను. చీకటి ఉండగానే లారీల పక్కన 10 కిలోమీటర్లు తొక్కడం అలవాటున్న వారికే కష్టం. మీరు దాదాపు పక్కకు నెట్టేసిన ఆ చిన్న తారురోడ్డే ఈ ప్రశ్నకు జవాబు అని నాకు అనిపిస్తోంది. గట్టు బాట 6 కిలోమీటర్లు, కలిపే రోడ్డు కిలోమీటరున్నర, రద్దీ లేని రోడ్డు 7 కిలోమీటర్లు, వెరసి పద్నాలుగున్నర కిలోమీటర్లు. వెలుతురులో అయితే 51 నిమిషాలకు చేరుకుంటారు. మీరు వెళ్ళేది తెల్లవారుజామున కాబట్టి గట్టు మీద వేగం 13 కిలోమీటర్లకు పడిపోతుందని ముందే ఒప్పుకుని 56 నిమిషాలు లెక్కించుకోండి. ట్యూబు మార్చుకోవడానికి 15 నిమిషాలు కలపండి. నంబరు తీసుకోవడానికి, చెమట ఆరి ఊపిరి కుదుటపడడానికి, మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబడడానికి 45 నిమిషాలు కావాలి. (ఈ చివరిదాన్ని కొత్తవారెవరూ లెక్కలో వేయరు.) ఇవన్నీ కలిపితే ఇంటి నుంచి 5 గంటలకు కదలాలి.

చీకట్లో మట్టిబాట అంటే దీపం సంగతి చూసుకోవాలి. తలకు కట్టుకునే దీపం ఒక్కటే ఉంటే సరిపోదు. దాని వెలుగు మీ కంటి దగ్గరి నుంచే పడుతుంది కాబట్టి రాళ్ళ నీడలు వాటి వెనకాలే దాగిపోయి, గుంత, గడ్డ, చదునైన నేల అన్నీ ఒకేలా కనిపిస్తాయి. హ్యాండిల్‌కు బిగించిన దీపం కింది నుంచి వెలుగు వేస్తుంది. చిన్న రాయికి సైతం పొడుగాటి నీడ పడి, దాని ఎత్తు మీకు ముందుగానే తెలుస్తుంది. వెనుక ఎర్రదీపం రోడ్డు భాగానికి తప్పనిసరి.

ముందటి ఆదివారం అదే గంటకు, అదే సంచీతో, అదే దారిలో ఒకసారి వెళ్ళి రండి. వేరే రోజు మధ్యాహ్నం చూసి వచ్చిన బాటకూ ఆదివారం తెల్లవారుజాము బాటకూ పోలిక ఉండదు. తాళం వేసిన గేటు, కుక్కలు, గట్టు మీద కట్టేసిన పశువులు ఆ వేళకే ఎదురవుతాయి. బాట ఎవరి భూమిలోంచైనా పోతుంటే వారి అనుమతి కూడా అప్పుడే తెలుసుకోవచ్చు. గట్టు చివరికి, కూడలికి ఎన్ని నిమిషాలకు చేరారో ఒక కాగితం మీద రాసుకోండి. పందెం రోజున ఆ గుర్తుల దగ్గర గడియారం చూసుకుంటే, ఆలస్యమవుతోందా అన్న ఆందోళన లేకుండా తొక్కగలుగుతారు. ఊపిరి ఎగపోయకుండా పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నిదానమే మీ వేగం కావాలి.

ముందురాత్రి వాన పడితే గట్టు బాట ఊసే ఎత్తకండి. ఒకసారి నేను ఆ మొండితనమే చేశాను. బంకమట్టి టైరుకు అంటుకుని, మడ్‌గార్డు కింద పొరలు పొరలుగా చేరి, రెండు వందల మీటర్లు వెళ్ళేసరికి ముందు చక్రం తిరగడమే మానేసింది. పుల్ల విరిచి మట్టి గీకుతూ, పది అడుగులు నడిపిస్తూ, మళ్ళీ గీకుతూ ఉండగానే దూరంగా మైకులో పందెం మొదలైన కేక వినబడింది. తడిసిన బాటలో పడిన చక్రపు గాడి ఎండిన తరువాత గట్టిపడి, వెనుక వచ్చేవారి చక్రాలను లాగేస్తుంది కూడా. కాబట్టి వాన పడిన రాత్రి నిర్ణయం ఇంటి దగ్గరే తీసుకోండి: పెద్ద రోడ్డు వెంట వెళ్ళడమా, ఎవరి వాహనంలోనైనా సైకిల్ లేకుండా వెళ్ళడమా అన్నది మీ ధైర్యాన్ని బట్టి ఉంటుంది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను.

పందెం కోసం మూసివేసే రోడ్లను మరిచిపోవద్దు. నిర్వాహకులు ఇచ్చే పటంలో పరుగు దారిని మీ దారి పక్కన పెట్టి చూడండి. మీ చివరి కిలోమీటరే వారి మొదటి కిలోమీటరు అయితే ఉదయం వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేకపోయినా, మీ పరుగు ముగిశాక నెమ్మదిగా పరిగెత్తేవారు ఇంకా దారిలోనే ఉంటారు. సైకిల్ ఎక్కడ ఉంచవచ్చో కూడా ముందే అడిగి తెలుసుకోండి.

తిరుగుప్రయాణంలో గుట్ట మీదుగా రావచ్చా అని మీరు అడగలేదు గానీ, అడగబోతున్నారని ఊహిస్తున్నాను. అటు నుంచి వస్తే ఎక్కేది పొలాల వైపు, దిగేది రాళ్ళ వైపు. 10 కిలోమీటర్లు పరిగెత్తి వణుకుతున్న కాళ్ళతో, గంటకు పైగా ఎండలో ఉన్న శరీరంతో రాళ్ళు దిగడం ఉదయం ఎక్కడంకన్నా ప్రమాదం. దిగి నడిపించడానికి నామోషీ పడనివారైతే, నీళ్ళు నింపుకుని రండి. గుట్ట మీద కూర్చోవడానికి అంతకంటే మంచి పూట దొరకదు.

ప్రశ్న: స్థానికంగా జరిగే ఒక పందేనికి మేము నలుగురం సైకిళ్ళపై వెళుతున్నాం. ఒకే దారికి ఒక యాప్ 140 మీటర్ల ఎక్కుడు, మరొకటి 210 మీటర్ల ఎక్కుడు చూపిస్తున్నాయి. ఏది నిజం? బాట ఎలాంటిదో పటం చూసి తెలుసుకోగలమా? – మరొక పాఠకురాలు

జవాబు: రెండూ అంచనాలే. చాలా పటాల ఎత్తుల సమాచారానికి ఒక మూలం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచి తెచ్చిన లెక్కలు. అందులో ఎత్తు సుమారు 30 మీటర్లకు ఒక చోట, మరో రూపంలో 90 మీటర్లకు ఒక చోట నమోదై ఉంటుంది. కొండ అంచున పోయే సన్నని బాటకు, దాని పక్కనున్న వాలు ఎత్తునో లోయ ఎత్తునో యాప్ అంటగట్టవచ్చు. వంతెన మీద మీరు చదునుగానే పోతారు, లెక్కలో మాత్రం వాగులోకి దిగి మళ్ళీ ఎక్కుతారు. ఇలాంటి చిన్న చిన్న హెచ్చుతగ్గులన్నిటినీ కూడితే అంకె పెరుగుతుంది. వాటిని నునుపు చేసి వదిలేస్తే తగ్గుతుంది. ఎంత నునుపు చేయాలన్న దానిలోనే రెండు యాప్‌లకూ తేడా వస్తుంది.

గాలి పీడనంతో ఎత్తు కొలిచే పరికరం చేతి గడియారంలోనో సైకిల్ మీదో ఉంటే, ఒకసారి వెళ్ళి వచ్చిన తరువాత అది చెప్పే అంకెను ఎక్కువగా నమ్మవచ్చు. సముద్రమట్టానికి దగ్గరలో ప్రతి 8 మీటర్ల ఎత్తుకూ పీడనం సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది కాబట్టి చిన్న మిట్టలను కూడా అది పసిగడుతుంది. అది లేకపోతే సమోన్నత రేఖలున్న (ఒకే ఎత్తులోని చోట్లను కలిపే గీతలున్న) పటం తీసుకుని, మీ దారి పైకి పోతూ ఎన్ని రేఖలను దాటుతోందో లెక్కించి, రెండు రేఖల మధ్య ఎత్తుతో హెచ్చవేయండి. రేఖల మధ్య దాగిన చిన్న మిట్టలు ఇందులో తప్పిపోతాయి గానీ, పెద్ద మోసం ఉండదు.

మీ నలుగురికీ కావలసింది నిజానికి మొత్తం అంకె కాదు. రెండు దారులను పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే యాప్ వాడితే చాలు, తప్పు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ తరువాత వాలు చూడండి. 60 మీటర్ల ఎత్తు 2 కిలోమీటర్లలో వస్తే 3 శాతం, మాట్లాడుకుంటూ ఎక్కుతారు. అదే ఎత్తు 500 మీటర్లలో వస్తే 12 శాతం. మట్టి మీద వెనుక చక్రం జారుతుంది, మీలో ఇద్దరైనా దిగుతారు.

బాట స్వభావానికి వస్తే, 2004లో మొదలై స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతుల మీదుగా తయారవుతున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బండ్ల బాటలకు ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు ఇస్తారు. మొదటి తరగతి గట్టిగా ఉండే నేల, ఐదవది చక్రం దిగబడే మెత్తని నేల. ఈ వివరం నింపిన చోట బాగా ఉపయోగపడుతుంది. నింపని చోట బాట కేవలం ఒక గీతగానే ఉంటుంది, ఆ గీతను చూసి మంచి బాట అనుకోకూడదు. ఉపగ్రహ చిత్రం చూసేటప్పుడు అది ఏ కాలంలో తీసినదో గమనించండి. వేసవిలో తెల్లగా మెరిసే ఇసుక దారి వానాకాలంలో వాగు కావచ్చు.

ప్రశ్న: నేను పాల్గొనేది సైకిల్ పందెమే. 25 మిల్లీమీటర్ల టైర్లు. 4 కిలోమీటర్ల కంకరబాటలో వెళితే 7 కిలోమీటర్లు కలిసివస్తుంది. వెళ్ళవచ్చా? – ఇంకొక పాఠకుడు

జవాబు: వద్దు. రాయి అంచు తగిలినప్పుడు సన్నని టైరులోని ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా కాకుండా ఉండాలంటే గాలి గట్టిగా ఉండాలి, గాలి గట్టిగా ఉంటే కంకర మీద సైకిల్ ఎగిరెగిరి పడుతుంది. దీనికన్నా నన్ను భయపెట్టేది మరొకటి: టైరులో గుచ్చుకున్న సన్నని రాతి పలుకు అప్పటికప్పుడు గాలి తీయకుండా, పందెం సగంలో ఉండగా లోపలికి దిగవచ్చు. రోడ్డు మీది ఆ 7 కిలోమీటర్లకు నిదానంగా తొక్కితే 20 నిమిషాల పైచిలుకు పడుతుంది, పందేనికి ముందు కాళ్ళు వేడెక్కించుకోవడానికి ఎలాగూ మీరు తొక్కవలసిన సమయమే అది. మైదానానికి చేరాక రెండు చక్రాలనూ ఎత్తి తిప్పుతూ టైరు చుట్టూ గుడ్డతో ఒకసారి తుడవండి. అంటుకున్న గాజుముక్క గానీ ముల్లు గానీ గుడ్డకు తగులుకుంటుంది.