రాతి గోడకు సిమెంటు పడదా?

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ ఇంగ్లండులో కాట్స్‌వోల్డ్స్ ప్రాంతపు పల్లెలో, 17వ శతాబ్దపు రాతి ఇంట్లో అద్దెకు దిగారు. పైకప్పు కూడా రాతి పలకలే, నిట్టనిలువుగా ఉంది. కిటికీలు మరీ చిన్నవి. పడకగది గోడ చెమ్మగిల్లుతోంది. రాళ్ళ సందుల్లో సిమెంటు పూయిస్తామంటే యజమాని ససేమిరా అంటున్నాడట. చాదస్తమా?
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: చాదస్తం కాదమ్మా, ఆయనకు ఇల్లు తెలుసు. అక్కడి సున్నపురాయి మెత్తనిది, వానను పీల్చుకుంటుంది. ఆ తడి సందుల్లోని సున్నం గుండా ఆరిపోవాలి. అక్కడ సిమెంటు బిగిస్తే నీరు రాతిలోనే చిక్కుకుంటుంది. చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, రాతి ముఖం పొరలుగా ఊడిపోతుంది. సిమెంటు గట్టిగానే ఉంటుంది, పోయేది రాయి. మన చెన్నై జార్జ్‌టౌన్‌లో గుల్ల సున్నంతో కట్టిన పాత ఇళ్ళకు సిమెంటు పూత పూయించి, అది బోలుగా మోగుతుంటే మేస్త్రీని తిట్టేవాళ్ళను ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను. మంచు లేని ఊళ్ళోనే ఆ గతి.

పైకప్పు సంగతి చెప్పకుండా ఉండలేను. పలకలు కూడా నీరు పీల్చే సున్నపురాయే కాబట్టి వాన నిలవకుండా జారిపోవాలి. అందుకే వాలు దాదాపు 50 డిగ్రీలు. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి వెళ్ళేకొద్దీ చిన్నవి. కప్పు మీది నీరంతా చేరేది కిందికే కనుక అక్కడ అతుకులు తక్కువగా ఉండాలి. ప్రతి పలకకూ చిల్లు పొడిచి, ఓక్ చెక్క మేకుతో కప్పు కింది చెక్క బద్దలకు తగిలించేవారు. స్టోన్స్‌ఫీల్డ్ గ్రామంలోనైతే గనిలోంచి తీసిన రాతిని తడి ఆరకుండా ఆరుబయట ఉంచేవారు. చలికాలపు మంచే దాన్ని పలకలుగా చీల్చేది. గోడను పాడుచేసే మంచు చేతనే కప్పుకు పలకలు కోయించారు, గడుసువాళ్ళు!

కిటికీలు చిన్నవి కావడానికి పన్నే కారణమని ఎవరైనా చెబితే నమ్మకండి. 1696 నుంచి 1851 దాకా కిటికీ పన్ను ఉన్న మాట నిజమే, దానికి భయపడి కొందరు కిటికీలు పూడ్చుకున్నారు కూడా. అయితే రాతి కంబీల నడుమ చిన్న చిన్న అద్దాలు బిగించే పద్ధతి అంతకు ముందు నుంచే ఉంది. కిటికీ నెత్తిన రాతి అంచు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే, అది వాన నీటిని అద్దం మీదికి రానివ్వకుండా పక్కలకు మళ్ళించడానికి.

ఆ ఇల్లు చారిత్రక కట్టడాల జాబితాలో ఉంటే, దాని స్వభావం మారే పనికి స్థానిక సంస్థ అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా చేస్తే నేరం.

మరి చెమ్మ మాటేమిటంటారా? చూరు కాలువలో ఆకులు పేరుకున్నాయేమో, బయట నేల మట్టం గది నేల కన్నా ఎత్తు పెరిగిందేమో ముందు చూడమనండి. బీరువాను ఆ గోడకు ఆనించవద్దు, జానెడు ఎడం ఉంచాలి. సందులు నిజంగా రాలిపోయి ఉంటే సున్నంతోనే నింపించమని యజమానిని అడగవచ్చు. ఆయన కాదనడు.