డేర్‌డెవిల్ ఆల్బమ్ వినాలంటే ముందు సినిమా చూడాలా?

2003లో వచ్చిన హాలీవుడ్ సూపర్ హీరో సినిమా డేర్‌డెవిల్ అంతగా బాగోలేదంటారు కదా, మరి దాని రాక్ ఆల్బమ్‌ని జనం ఇంకా ఎందుకు తలుచుకుంటున్నారు, సినిమా చూడకుండా వింటే ఎక్కుతుందా అని అడిగారు. ముందు ఆల్బమ్ వినండి, సినిమా తర్వాత చూడండి. నేను ఆ వరసలోనే విన్నాను, చూశాను. ఆ పాటలు నాకు ఇంత దగ్గర కావడానికి ఆ వరసే కారణమని గట్టిగా నమ్ముతాను.

ఇది మనవాళ్లకు కొత్తేమీ కాదు. ముందు క్యాసెట్ వచ్చేది, పాటలు నోటికి వచ్చాక సినిమా వచ్చేది. ఏ పాట ఏ సందర్భంలో వస్తుందో ఊహించుకుంటూ థియేటర్‌కి వెళ్లేవాళ్లం. డేర్‌డెవిల్ ఆల్బమ్ కూడా అలాగే 2003 ఫిబ్రవరి 4న బయటికొచ్చింది, సినిమా అదే నెల 14న విడుదలైంది. నేనైతే ఆ రెంటి మధ్య చాలా ఎక్కువ కాలమే గడిపాను. ఇంజినీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ కంప్యూటర్‌లో ఇంగ్లీషు పాటల ఫోల్డర్ ఉండేది. అందులో ఈ ఆల్బమ్ దొరికింది. డేర్‌డెవిల్ అంటే ఎవరో అప్పటికి మా గదిలో ఎవరికీ తెలియదు. అయినా రాత్రి భోజనాలయ్యాక ఆ పాటలు మోగాల్సిందే. తెలుగు పాటలు తప్ప ఇంకేమీ వినని మా రూమ్‌మేట్ కూడా 'మై ఇమ్మోర్టల్' వచ్చేసరికి పుస్తకం మూసి పక్కన పెట్టేసేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పియానో మీద ఆ అమ్మాయి గొంతు వింటుంటే ఎవరో పోయారని తెలిసిపోతోందనేవాడు. తర్వాత సినిమాలో చూస్తే ఆ పాట వచ్చేది అంత్యక్రియల దగ్గరే, హీరో ప్రేమించిన ఎలెక్ట్రా అనే అమ్మాయి తండ్రి పోయినప్పుడు.

ఇలాంటి ఆల్బమ్ ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి. మన దగ్గర ఒక సంగీత దర్శకుడు కథ విని, సందర్భానికి తగ్గట్టు ట్యూన్లు కడతాడు, రీరికార్డింగ్ కూడా ఎక్కువగా ఆయనే చేస్తాడు. అక్కడ రెండూ వేరు. డేర్‌డెవిల్‌కి రీరికార్డింగ్ చేసింది గ్రేమ్ రెవెల్. పాటల ఆల్బమ్‌ని విడుదల చేసింది విండ్-అప్ రికార్డ్స్. సినిమాలో వినిపించే పాటలతో పాటు, సినిమా స్ఫూర్తితో అని చెప్పి మరికొన్ని కలిపి ఇరవై ట్రాకులు వేశారు. ఇవానెసెన్స్, సీథర్, డ్రౌనింగ్ పూల్, ఫింగర్ ఎలెవెన్, 12 స్టోన్స్ అన్నీ ఆ కంపెనీ బ్యాండ్లే. అంటే తన దగ్గరున్న బ్యాండ్లను జనానికి పరిచయం చేసుకోవడానికి కంపెనీకి ఒక సినిమా దొరికింది. ఇందులో వ్యాపారం ఉంది, కాదనను. కానీ ఆ వ్యాపారం వల్లే ఒక కొత్త గొంతు ప్రపంచమంతా వినిపించింది.

ఆ గొంతు ఎమీ లీ అనే గాయనిది. ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ అనే ఊళ్లో ఆమె, గిటారిస్ట్ బెన్ మూడీ కలిసి పెట్టుకున్న బ్యాండ్ ఇవానెసెన్స్. వాళ్ల ఆల్బమ్ 'ఫాలెన్' మార్చి 4న వచ్చింది. అంతకు సరిగ్గా నెల ముందే ఈ సినిమా ఆల్బమ్‌లో వాళ్ల పాటలు రెండు వచ్చేశాయి, 'బ్రింగ్ మీ టు లైఫ్', 'మై ఇమ్మోర్టల్'. రాక్‌లో ఆడ గొంతు ఒక్కటే ఉంటే రేడియోవాళ్లు వేయరని, మగ గొంతు ఉండాల్సిందేనని కంపెనీ పట్టుబట్టింది. అందుకే 'బ్రింగ్ మీ టు లైఫ్'లో మధ్యమధ్యలో 12 స్టోన్స్ గాయకుడు పాల్ మెకాయ్ గొంతు వస్తుంది. ఆ పాట అమెరికా చార్టుల్లో 5వ స్థానం దాకా, బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. 2004లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది. 2017లో 'సింథసిస్' ఆల్బమ్ కోసం అదే పాటను ఆర్కెస్ట్రాతో మళ్లీ చేసినప్పుడు ఎమీ లీ ఆ మగ గొంతును తీసేసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. నాకు పాతదే ఇష్టం, ఆ రెండు గొంతుల పెనుగులాటలో ఒక ఊపు ఉంది. కానీ ఆమె ఎందుకు తీసేసిందో కొత్తది వింటే మీకే అర్థమవుతుంది.

ఆ పాట మొదలు ఒకసారి శ్రద్ధగా గమనించండి. పియానో స్వరాలు చిన్నగా, కొంచెం తొందరగా నడుస్తుంటాయి. వాటి మీద ఆమె, నా కళ్లలోకి ఎలా చూడగలుగుతున్నావు అని అడుగుతుంది. ఆ తర్వాత గానీ గిటార్లు విరుచుకుపడవు. ఈ పాట ఆమె సినిమా కోసం రాసింది కాదు. ఒక పరిచయస్తుడు ఆమెను 'నువ్వు సంతోషంగా ఉన్నావా' అని అడిగాడట. పైకి ఎంత మామూలుగా ఉన్నా లోపల నలిగిపోతున్నానని అతను కనిపెట్టేశాడే అన్న ఆశ్చర్యంలోంచి ఆ పాట పుట్టింది. అలాంటి పాట తీసుకెళ్లి కళ్లు లేని హీరో కథలో పెట్టారు. ఎవరైనా అంత దూరం ఆలోచించి పెట్టారో, కలిసొచ్చిందో గానీ భలే కుదిరింది.

కథ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మాట్ మర్డాక్, అంటే మన డేర్‌డెవిల్, న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్ ప్రాంతంలో లాయరు. చిన్నప్పుడు కళ్లలో విషరసాయనం పడి చూపు పోయింది, మిగతా ఇంద్రియాలు మాత్రం విపరీతంగా పదునెక్కాయి. శబ్దాన్ని బట్టే ఎదుట ఏముందో అతనికి ఆకారం కడుతుంది. ఊరి రొద తట్టుకోలేక, నీళ్లు నింపిన పెట్టెలాంటి దాంట్లో పడుకుని మూత వేసుకుంటాడు. చెవితో బతికే హీరో అన్నమాట. సూపర్ హీరోల్లో రాక్ సంగీతానికి ఇంతకంటే తగినవాడు నాకు కనబడడు. అందుకే మొదట కళ్లు మూసుకుని ఆల్బమ్ వినమంటున్నాను.

ఇరవై ట్రాకులూ ఒకే స్థాయిలో లేవు. ఫ్యూయెల్ పాడిన మొదటి పాట, సీథర్ వాళ్ల 'హ్యాంగ్ ఆన్', షెవెల్ పాట, ఫింగర్ ఎలెవెన్ వాళ్ల 'శాడ్ ఎక్స్‌చేంజ్' తప్పకుండా వినండి. మధ్యలో కొన్ని ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, దాటేసినా నష్టం లేదు. మోబీ పాట నెమ్మదిగా ఉంటుంది, ఇన్ని గిటార్ల మధ్య చెవికి కాస్త విశ్రాంతి.

డ్రౌనింగ్ పూల్ బ్యాండ్, రాక్ గాయకుడు రాబ్ జాంబీ కలిసి చేసిన 'ది మ్యాన్ వితౌట్ ఫియర్' దగ్గర మాత్రం ఆగండి. కామిక్స్‌లో డేర్‌డెవిల్ బిరుదే ఆ పాట పేరు. డ్రౌనింగ్ పూల్ గాయకుడు డేవ్ విలియమ్స్ 2002 ఆగస్టులో టూర్ మధ్యలోనే చనిపోయాడు, అప్పటికి ముప్పై ఏళ్లే. గొంతు పోయిన ఆ బ్యాండ్ పక్కన నిలబడి రాబ్ జాంబీ పాడాడు. ఈ సంగతి తెలియక ముందు నాకది మామూలు ఫైటు పాట. తెలిశాక మాత్రం భయం లేనివాడు అన్న మాట ఆ కుర్రాళ్ల గురించే అనిపించి, ఇప్పటికీ ఆ పాట మధ్యలో ఆపలేను.

ఇక సినిమా. దొరికితే 2004లో వచ్చిన డైరెక్టర్స్ కట్, అంటే దర్శకుడు తను అనుకున్నట్టు కూర్చిన రూపం చూడండి. థియేటర్లో వేసినదానికంటే దాదాపు అరగంట ఎక్కువ, మాట్ కోర్టు పని కూడా అందులో బాగా కనిపిస్తుంది. పాటల కోసం చూసేటప్పుడు రెండు చోట్ల ఆగండి. ఒకటి నేను చెప్పిన అంత్యక్రియలు. రెండోది ఎలెక్ట్రా ఇసుక సంచుల మధ్య కత్తులు తిప్పుతూ సాధన చేసే ఘట్టం, అక్కడ 'బ్రింగ్ మీ టు లైఫ్' వస్తుంది. సంచి చిరిగి ఇసుక కారుతుంటే కింద గిటార్లు దంచుతుంటాయి. పాట లేకుండా మేడ మీద వాన కురిసే ఘట్టం కూడా వదలొద్దు. ఒక్కో చినుకు ఆమె ముఖం మీద పడే చప్పుడుకి అతనికి ఆమె రూపం కనబడుతుంది. సినిమా మీద ఎన్ని విమర్శలు వచ్చినా ఆ ఒక్క ఆలోచనకి నేను దండం పెడతాను.

ఇది నచ్చితే తర్వాత 1997లో వచ్చిన 'స్పాన్' అనే సూపర్ హీరో సినిమా ఆల్బమ్‌కి వెళ్లండి. అందులో ప్రతి పాటకీ ఒక రాక్ బ్యాండ్‌ని, ఒక ఎలక్ట్రానిక్ సంగీతకారుణ్ణి జత చేశారు. ఫిల్టర్, క్రిస్టల్ మెథడ్ కలిసి చేసిన పాటతో మొదలుపెడితే సరిపోతుంది. స్లేయర్ పాట మాత్రం హెడ్‌ఫోన్లలో సౌండ్ తగ్గించుకుని వినండి. 1995 నాటి 'బ్యాట్‌మన్ ఫరెవర్' ఆల్బమ్‌లో యూటూ, సీల్ పాటలు బాగుంటాయి, కానీ ఆ ఆల్బమ్‌లో చాలా పాటలు సినిమాలో రానే రావు, వెతుక్కోవద్దు. 'ఐరన్ మ్యాన్ 2' కోసం 2010లో వేసింది మొత్తం ఏసీ డీసీ పాత పాటలే. ఆ బ్యాండ్ ఇంతవరకు విననివాళ్లకి మంచి మొదలు, ఇప్పటికే వాళ్ల ఆల్బమ్‌లు ఉన్నవాళ్లు కొనక్కర్లేదు.