పాత నికెల్ దొరికిందా? ముందు కొమ్ము చూడండి

అమెరికాలో ఖాతా ఉన్న బ్యాంకులో రెండు డాలర్లిస్తే 40 నికెళ్ల (ఐదు సెంట్ల నాణేల) రోల్ ఇస్తారు. పనికిరానివి మళ్లీ అక్కడే జమ చేయొచ్చు, పోయేది సమయమే. విప్పగానే 1942–45 బిళ్లలు ఏరండి. బొరుసు వైపు మాంటిచెల్లో భవనం గోపురం పైన టంకశాల గుర్తుగా పెద్ద పి (ఫిలడెల్ఫియా), డి (డెన్వర్), లేదా ఎస్ (శాన్‌ఫ్రాన్సిస్కో) ఉంటే అందులో 35 శాతం వెండి ఉంది. 1942లో వెండి ఉన్నవీ లేనివీ రెండు రకాలూ అచ్చయ్యాయి కాబట్టి సంవత్సరం ఒక్కటే చూసి సంబరపడకండి.

అసలు పని దున్న బొమ్మ ఉన్న 1913–38 బఫెలో నికెళ్లతో. తేదీ ఉబ్బెత్తుగా ఉండటంతో ముందు అదే అరుగుతుంది. యాసిడ్ చుక్క వేస్తే అంకెలు తేలతాయి, కానీ ఆ చోట లోహం తినేసి ధర పడిపోతుంది. తేదీ కనిపిస్తే దున్న కొమ్ము చూడండి, అరుగుదలను బట్టి ఇచ్చే గ్రేడు దాన్ని చూసే చెప్పొచ్చు. పూర్తిగా అరిగిపోతే ‘గుడ్’, చాలావరకు నిలిస్తే ‘వెరీ ఫైన్’, కాస్త మాత్రమే అరిగితే ‘ఎక్స్‌ట్రా ఫైన్’. ఇక్కడో తిరకాసుంది: 1920లలో డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలల అచ్చు చాలాసార్లు సరిగా పడలేదు, 1926 డి మరీనూ. వాటిలో కొత్త బిళ్లకే కొమ్ము మసగ్గా ఉంటుంది. పదిరెట్ల భూతద్దం కింద వాలుగా వెలుతురు పెట్టి, ఉపరితలం మీద టంకశాల మెరుపు మిగిలిందో లేదో చూడాలి.

ఎన్ని అచ్చయ్యాయన్నదొక్కటే అరుదుతనం తేల్చదు. 1926 ఎస్ పది లక్షల్లోపే. వాడకంలో అరిగినవే ఎక్కువ కాబట్టి మెరుపు చెడనిదానికి విపరీతమైన ధర. 1950 డి జెఫర్సన్ (మాంటిచెల్లో భవనమున్న నికెల్) 26 లక్షలే అయినా జనం రోళ్లకు రోళ్లు దాచేశారు. కొత్తదానిలాంటిది ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది. జెఫర్సన్‌లో భవనం మెట్లు ఐదో ఆరో తెగకుండా కనిపిస్తేనే ఎక్కువ ధర.

ఇత్తడి చెంబులా చింతపండుతో తోమారో, అయిపోయింది! తోమిన బిళ్లకు గ్రేడింగ్ సంస్థలు (నాణెం స్థితిని తేల్చేవి) మామూలు గ్రేడు అంకె ఇవ్వవు. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టినా పచ్చటి జిగురు పడుతుంది. మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవర్లు వాడండి.

ఇండియాకు తీసుకెళ్లేటప్పుడు సెంట్లూ నికెళ్లూ కలిపి ముఖవిలువ 5 డాలర్లు, సేకరణ కోసమైతే 25 డాలర్లు దాటకూడదు. యుద్ధకాలపు వెండి నికెళ్లకు ఈ నిబంధన వర్తించదు.