మందుల కంపెనీలో మొదటి ఉద్యోగం: శిరీషకు పెదనాన్న ఉత్తరం

గుంటూరు

చి. శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. బీఫార్మసీ అయ్యాక నిజాంపేట హాస్టల్లో ఉంటూ వాక్-ఇన్ ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఎవరో కన్సల్టెన్సీవాడు లక్షన్నర కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చి క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో, ఉద్యోగం వేయిస్తానన్నాడట కదా. డబ్బు సర్దమంటావా అని మీ నాన్న నన్నడిగాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, ఆ డబ్బు కట్టకుండా ఏం చెయ్యొచ్చో ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందుగా, ఉద్యోగం రాకపోవడం నీ చేతగానితనం అనుకోకు. "ఫ్రెషర్స్‌కి అవకాశం" అని ప్రకటన వేసి, తీరా లోపలికి వెళ్లాక "ఏడాది అనుభవమైనా ఉందా" అని అడుగుతున్నారంటే దానికో కారణం ఉంది. కొత్త అనలిస్ట్ చేరిన రోజునుంచి ఆ అమ్మాయి ఇచ్చిన ఫలితాన్ని నమ్మి బ్యాచ్ విడుదల చేసే రోజు దాకా నెలలు పడుతుంది. ఎస్ఓపీలు, అంటే ఏ పని ఎలా చెయ్యాలో రాసిపెట్టిన పద్ధతులు, చదివించాలి. ఒక్కో పరీక్షా చేయించి సీనియర్ ఫలితంతో సరిచూడాలి. ఆ శిక్షణ రికార్డులన్నీ ఆడిటర్ అడిగితే తీసి చూపించేలా ఉండాలి. ఇంతా చేశాక మనిషి పక్క కంపెనీకి వెళ్లిపోతే పెట్టిన ఖర్చంతా వృథా. అందుకని వేరేవాళ్లు నేర్పించిన మనిషినే తెచ్చుకుందామని ప్రతి కంపెనీ చూస్తుంది. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఆ నేర్పించే పని ఐడీపీఎల్ చేసింది. 1961లో పెట్టిన ప్రభుత్వ మందుల సంస్థ అది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత నగరమంతటా మందుల కంపెనీలు పెట్టారు, నడిపారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారు కూడా అక్కడ పనిచేసినవారే. ఇప్పుడు అంత పెద్ద ఎత్తున కొత్తవాళ్లకు నేర్పే చోటు లేదు. మీ తరానికి ఇది నిజంగా అన్యాయమే.

అయినా ఆ లెటర్ మాత్రం కొనకు. దొరికిపోయే సంగతి ముందు చెబుతాను. కంపెనీలు చేర్చుకునే ముందు వెరిఫికేషన్ చేస్తాయి. నీ పీఎఫ్ ఖాతాకి ఇచ్చే యూఏఎన్ నంబరు అడిగి పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి. రెండేళ్లు పనిచేశానంటూ ఒక్క నెల పీఎఫ్ కూడా లేకపోతే, జీతం బ్యాంకులో పడిన దాఖలా లేకపోతే, అక్కడే ఆగిపోతుంది. ఒకవేళ అది దాటి లోపలికి వెళ్లావే అనుకో. రెండేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఇచ్చే పని నీకిస్తారు. హెచ్‌పీఎల్‌సీ మీద (మందులో ఏది ఎంతుందో విడదీసి కొలిచే యంత్రం అది) శాంపిళ్ల సీక్వెన్స్ పెట్టమంటారు, గ్రాఫ్‌లో పీక్ చీలిపోతే ఎందుకో చెప్పమంటారు. తెలియదని చెప్పుకోలేవు. అప్పుడే పిల్లలు తప్పుడు రాతలకు దిగుతారు. మన పనిలో అంతకంటే పెద్ద నేరం లేదు. నువ్వు లాగ్‌బుక్‌లో రాసిన అంకెను నమ్మే ఎక్కడో ఒక రోగి ఆ మాత్ర మింగుతాడు. అసలు ల్యాబ్‌వాళ్లు నీ దగ్గర వెతికేది ఆ నమ్మకమే. దాన్నే అబద్ధంతో మొదలుపెడితే ఇక నువ్వు వాళ్లకిచ్చేదేముంది?

ఇంటర్వ్యూ సంగతికొస్తాను. నా ఉద్యోగమంతా క్యూసీలోనే గడిచింది కాబట్టి దీని గురించి గట్టిగా చెప్పగలను. కొత్తవాళ్లు ఎవరొచ్చినా నేను అడిగే ప్రశ్న ఒకటుండేది: 0.1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఎలా తయారుచేస్తావు? "8.5 మిల్లీలీటర్లు తీసుకుని లీటరుకి చేస్తాను సార్" అని దాదాపు అందరూ గబగబా చెప్పేవాళ్లు. ఆ 8.5 ఎక్కడినుంచి వచ్చింది అంటే చాలామంది ఆగిపోయేవాళ్లు. గాఢ యాసిడ్ 12 నార్మల్‌కి కాస్త తక్కువ ఉంటుంది, లెక్క అక్కడినుంచి వస్తుంది. అది చెప్పినవాళ్లను ఇంకొంచెం అడిగేవాణ్ని. ఫ్యూమ్ హుడ్‌లో చెయ్యాలని, ముందు నీళ్లు పోసి తర్వాతే యాసిడ్ కలపాలని చెప్పాలి. సోడియం కార్బొనేట్‌తో స్టాండర్డైజ్ చేసి అసలు నార్మాలిటీ తేల్చాలి. సీసా మీద పేరు, నార్మాలిటీ, చేసిన తేదీ, ఎక్స్‌పైరీ, సంతకం ఉండాలి. తూకం, బ్యూరెట్ రీడింగ్ లాగ్‌బుక్‌లో అప్పటికప్పుడే రాయాలి. లేబుల్ సంగతి, లాగ్‌బుక్ సంగతి నేను అడక్కుండానే తనంతట తాను చెప్పిన పిల్లని నేను వదులుకున్నది లేదు. ఆ పిల్లకి హెచ్‌పీఎల్‌సీ రాకపోయినా సరే తీసుకునేవాణ్ని. యంత్రం నేర్పించవచ్చు, ఆ అలవాటు నేర్పించడం కష్టం.

నువ్వు కాలేజీ ల్యాబ్‌లో చేసిన ప్రతి ప్రాక్టికల్‌నీ ఇలా మళ్లీ విప్పి చూసుకో. మాత్రల బరువుల్లో తేడా చూసే వెయిట్ వేరియేషన్‌కి ఇరవై మాత్రలే ఎందుకు, కోటింగ్ లేని మాత్ర 15 నిమిషాల్లో విడిపోవాలని ఎందుకు పెట్టారు, ఫ్రయబిలిటీ (మాత్ర అరిగి పొడి రాలడం) ఒక శాతం దాటితే ప్యాకింగ్‌లో ఏమవుతుంది అని నిన్ను నువ్వే అడుగు. తప్పు పడితే వైట్‌నర్ వాడకుండా ఒక్క గీత గీసి, కారణం రాసి, సంతకం, తేదీ వెయ్యాలన్నది నీ చేతికి అలవాటు కావాలి. ఇంకొకటి, ఇది పైసా ఖర్చు లేనిది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన వెబ్‌సైట్‌లో వార్నింగ్ లెటర్లు అందరూ చదివేలా పెడుతుంది. మన దేశపు ప్లాంట్ల మీద రాసినవీ అందులో ఉంటాయి. ఏ ల్యాబ్‌లో ఏ రికార్డు ఎలా తప్పారో వివరంగా రాస్తారు. వారానికి రెండు చదివి, "నేనక్కడ ఉంటే ఏం చేసేదాన్ని" అని నోట్‌బుక్‌లో రాసుకో. మందుల నాణ్యతకి అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ గైడ్‌లైన్లూ ఉచితమే. పరీక్షా పద్ధతుల మీద ఉన్న క్యూ2, ముడి మందుల తయారీ మీద ఉన్న క్యూ7 చదివితే చాలు ఇప్పటికి. వీటి గురించి నాలుగు మాటలు మాట్లాడగలిగిన ఫ్రెషర్‌ని ఇంటర్వ్యూ చేసేవాడు గుర్తుపెట్టుకుంటాడు.

రెజ్యూమేలో చూసినదాన్ని చేసినట్టు రాయకు. "హెచ్‌పీఎల్‌సీ డెమో చూశాను, నేను స్వయంగా చేసింది టైట్రేషన్లు, యూవీ, డిసల్యూషన్" అని రాస్తే ఏమీ తగ్గిపోవు. కోర్సు చేద్దామనుకుంటే డబ్బు కట్టే ముందు అడుగు: యంత్రాలెన్ని, బ్యాచ్‌లో ఎంతమంది, నేను ఒక్కదాన్నే కూర్చుని ఎన్ని గంటలు చెయ్యొచ్చు? దీనికి సూటిగా జవాబు చెప్పకుండా "100 శాతం ప్లేస్‌మెంట్" అంటుంటే లేచి వచ్చెయ్. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం ఫీజు అంటూ ఆఫర్ లెటర్‌కి ముందు డబ్బడిగేదేదీ నిజమైన కంపెనీ కాదు.

వెతికే చోటు కూడా కొంచెం మార్చు. నిజాంపేట, బాచుపల్లి, కూకట్‌పల్లి హాస్టళ్లలో ఉన్నవాళ్లంతా జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపే వెళ్తారు. జడ్చర్ల, నాయుడుపేట, పరవాడ, శ్రీకాకుళం జిల్లాలో పైడిభీమవరం అంటే మొహం తిప్పుకుంటారు. ఊరు దూరం, సినిమాహాలు లేదు, తోడు లేరు అని. పోటీ తక్కువ ఉండేది అక్కడే. ల్యాబ్ మాత్రం ఎక్కడైనా ల్యాబే. అదే ఆడిట్, మందుల ప్రమాణాలు రాసిన అదే ఫార్మకోపియా. రెండేళ్లు అక్కడ శ్రద్ధగా పనిచేస్తే హైదరాబాద్ కంపెనీలు నిన్ను పిలుస్తాయి. నీకు మంచి హాస్టల్, కంపెనీ బస్సు దొరుకుతాయా అన్నది నేనూ, మీ నాన్నా వచ్చి చూసుకుంటాం, దాని గురించి టెన్షన్ వద్దు.

మీ కాలేజీలో నీకంటే రెండు మూడేళ్ల ముందు బయటికెళ్లిన సీనియర్లకు మెసేజ్ పెట్టు. "అక్కా, ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. "మీ ల్యాబ్‌లో ఎవరైనా రాజీనామా పేపర్ పెట్టారా, వాళ్లు చేసే పని ఏమిటి" అని అడుగు. ఇంక్రిమెంట్లు చేతికొచ్చాక జనం కంపెనీలు మారతారు, అప్పుడే ఖాళీలు పడతాయి. ఆ సమయంలో లోపలి మనిషి చేత్తో ఇచ్చిన రెజ్యూమే, హెచ్ఆర్ మెయిల్‌కి పంపినదానికంటే ముందు చదువుతారు.

అప్రెంటిస్‌గా రమ్మంటే చిన్నతనం అనుకోకు. నాట్స్ అని కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది, అందులో పేరు నమోదు చేసుకో. 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలు అని పెట్టారు. అందులో కొంత ప్రభుత్వం భరిస్తుంది కాబట్టి కంపెనీలు ఫ్రెషర్‌ని తీసుకోవడానికి వెనకాడవు. డబ్బు తక్కువే, హాస్టల్‌కే సరిపోదు, నాకు తెలుసు. కానీ ఏడాది అయ్యాక నీ చేతిలో ఉండే సర్టిఫికెట్ నిజమైనది. చేరే ముందు ఒకటి మాత్రం తేల్చుకో: ల్యాబ్‌లో పరీక్షలు చేయిస్తారా, ఏడాదంతా ఫైళ్లకు నంబర్లు వేయిస్తారా?

ఆఫర్ వచ్చినప్పుడు సంతోషంలో చదవకుండా సంతకం పెట్టొద్దు. ఆన్ రోలా (కంపెనీ సొంత ఉద్యోగం), థర్డ్ పార్టీనా (కాంట్రాక్టరు ద్వారా) అడుగు. థర్డ్ పార్టీ అయినా చేరొచ్చు, పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి, పే స్లిప్ ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, జిరాక్సులు ఇవ్వు, ఒరిజినల్స్ వాళ్ల దగ్గర ఉంచకు. బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది చూడు. "బాండ్లు కోర్టులో చెల్లవులే" అని స్నేహితులు చెప్పేది నమ్మకు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, రెండు లక్షల బాండ్ చెల్లుతుందనే చెప్పింది.

క్యూసీ ఖాళీ లేదు, ప్రొడక్షన్‌లోకి రమ్మని మాత్రల్లో వాడే ముడి మందు చేసే ఒక చిన్న బల్క్ డ్రగ్ యూనిట్‌వాళ్లు అడిగారట. ప్రొడక్షన్ పనిలో తప్పేమీ లేదు, ఎదుగుదలా ఉంది. అయితే 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఇంకో ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. ఉద్యోగం దొరకడమే కష్టమైన రోజుల్లో పిల్లలు ఈ ప్రశ్నలు అడగడానికి భయపడతారు. నువ్వు అడుగు. రియాక్టర్ దగ్గరికి పంపే ముందు ఎన్ని రోజుల శిక్షణ ఇస్తారు? సాల్వెంట్ ఎక్కడ నిల్వ చేస్తారు? చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు? అడిగినందుకు వాళ్లు విసుక్కుంటే ఆ ఉద్యోగం మనకొద్దు. ఇంట్లో ఎవరూ నిన్ను ఏమీ అనరు, ఆ పూచీ నాది.

ఇంకా ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకోకపోతే ఈ నెలలోనే చేసుకో. కంపెనీ ఉద్యోగం వచ్చేదాకా ఏదైనా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తే ఖాళీగా ఉండవు, ఖర్చులు వెళ్తాయి. కానీ నువ్వు లేకుండా నీ సర్టిఫికెట్‌ని షాపులో తగిలించుకుంటాం, నెలకింత ఇస్తాం అని మెడికల్ షాపువాళ్లు వస్తారు. ఒప్పుకోకు. అక్కడ అమ్మే ప్రతి మందుకీ జవాబు చెప్పాల్సింది నువ్వే అవుతావు.

నీ రెజ్యూమే నాకు వాట్సాప్‌లో పంపు. ఏ పరీక్షలు నువ్వు నిజంగా చేతితో చేశావో విడిగా ఒక కాగితం మీద రాసి దాని ఫొటో కూడా పంపు. ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చెయ్యి, గంటసేపు ఇంటర్వ్యూ చేస్తాను, గట్టిగానే అడుగుతాను. ఆర్నెల్ల హాస్టల్ ఫీజు నేను కడుతున్నాను, మీ నాన్నకు చెప్పేశాను, దాని గురించి వాడితో వాదన పెట్టుకోకు.

మీ పెదనాన్న