సర్టిఫికెట్ పక్కనపెట్టి నీళ్ల సంగతి చూడండి

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు పీణ్యాలో స్థిరపడ్డాం. నాలుగు నెలలుగా మా బోరు నీళ్లలో నురగ వస్తోంది. పక్క వీధిలోని అద్దకం యూనిట్ వదిలే నీళ్లే కారణమని మా అనుమానం. ఎనిమిదేళ్లు నిండని మా పాపకు అప్పుడే యవ్వన లక్షణాలు కనిపిస్తున్నాయి. ఏడవని రోజు లేదు. ఆ నీళ్లవల్లేనని సర్టిఫికెట్ రాసిస్తానని తెలిసిన డాక్టరు ఒకాయన అంటున్నారు. కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి ఉంచాం. నష్టపరిహారం వస్తుందా?

జవాబు: పాపకు లక్షణాలు ఏ నెలలో మొదలయ్యాయో మీరు రాయలేదు. నురగకు ముందే మొదలై ఉంటే పరిహారం మాట మర్చిపోండి. అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే.

ప్రస్తుతానికి ఆ నీళ్లు ఆపించే కేసు వేయండి. పర్యావరణ కేసులు చూసేది జాతీయ హరిత ట్రిబ్యునల్. దాని చట్టం, 2010లోని 14వ సెక్షన్ కింద, కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోపు దరఖాస్తు పడాలి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వొచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. పరిహారానికి 15వ సెక్షన్‌లో ఐదేళ్ల గడువుంది. ఆ హక్కు అట్టిపెట్టుకుంటున్నామని ఈ దరఖాస్తులోనే రాయించండి.

ఇలా విడదీయమనడానికి కారణం రుజువు. అద్దకంలో వాడే కొన్ని డిటర్జెంట్ రసాయనాలు నీళ్లలో విడిపోయి నోనైల్‌ఫినాల్ అవుతాయి. అది ఒంట్లో ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. ఇలాంటి రసాయనాలు కలిసిన బ్రిటన్ నదుల్లో మగ చేపల ఒంట్లో గుడ్డు సొన తయారీకి కావాల్సిన ప్రోటీన్ పుడుతోందని 1990లలోనే కనిపెట్టారు. రసాయనం అంతపని చేయగలదన్నంతవరకే ఆ చేపల సాక్ష్యం. మీ పాపకు చేసిందని అవి చెప్పలేవు. చాలామంది ఆడపిల్లల్లో ఈ సమస్యకు ఫలానా అని చెప్పగల కారణమే దొరకదు. నీళ్లు ఆపించడానికి మాత్రం అంత రుజువు అక్కర్లేదు. 20వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ ముందుజాగ్రత్త సూత్రాన్ని, అంటే పూర్తి రుజువు దొరికేదాకా ఆగకుండా హానిని ముందే అడ్డుకోవాలన్న నియమాన్ని పాటించాలి. హాని లేదని చూపాల్సింది పరిశ్రమేనని తమిళనాడులోని వెల్లూరు తోళ్ల పరిశ్రమల కాలుష్యం కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక ఆ సీసా. చదువుకున్నవారు, ఇంత అజాగ్రత్తా! హార్మోన్లను చెడగొట్టే రసాయనాలు ప్లాస్టిక్‌లోనూ ఉంటాయి. మీ సీసాలోంచే దిగాయని అంటే ఏం చెబుతారు? దాన్ని పారేయండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్ మనిషినే రప్పించి, ముదురు రంగు గాజు సీసాల్లో పట్టించి సీలు వేయించండి. నోనైల్‌ఫినాల్ పేరు చెప్పి పరీక్ష అడగండి. మామూలు తాగునీటి పరీక్షలో దాన్ని వెతకరు.

డాక్టరుగారి సర్టిఫికెట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. పరీక్షలే లేకుండా రాసిన కాగితం అవతలి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్నకు కూలిపోతుంది, నిజమైన కేసును కూడా ముంచుతుంది. అబద్ధమని తెలిసి రాయడమూ, దాన్ని వాడటమూ నేరాలే. పాపను పిల్లల ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించి, ఎముకల వయసు ఎక్స్‌రే, హార్మోన్ పరీక్షలు చేయించి అసలు రిపోర్టులు భద్రంగా ఉంచుకోండి. ఆ నీళ్లు వాడటం ఈరోజే మానండి.

కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. నీటి చట్టం, 1974లోని 21వ సెక్షన్ ప్రకారం యూనిట్‌కు నోటీసిచ్చి, యజమాని ఎదుటే నమూనా తీసి, రెండు భాగాలు చేసి సీలు వేయమని అందులో కోరండి. ఆ పద్ధతి తప్పిన నమూనా కోర్టులో చెల్లదు. యూనిట్‌కిచ్చిన అనుమతి షరతుల నకలు సమాచార హక్కు కింద అడగండి. మండలి జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు దాటించుకోకండి. ఆరో నెల దాకా ఆగకుండా, ఐదో నెలలోపే చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనంలో దరఖాస్తు పడాలి.